రాహేలు మేకలు, మిషన్ పులులు

జూన్ పదో తారీఖు లోపల దీనమ్మ ఒక మాట చెప్పాలి. పిల్లను పంపుతుందో, పంపదో. కొడుకు కృపానందం, కోడలు హన్నా ఎటూ తేల్చుకోలేక "నువ్వెట్లంటే గట్లనే అమ్మా" అని బరువంతా ఆమె నెత్తిన పెట్టారు. పెట్టి, వాళ్ళు మాత్రం ఇంట్లో అడుగుల చప్పుడు కూడా కాకుండా తిరుగుతున్నారు.

పిల్ల అంటే రాహేలు, దీనమ్మ మనుమరాలు. పన్నెండో ఏడు నడుస్తోంది. నిరుడు, అంటే ఎనభై ఆరులో, దసరా వెళ్ళాక ఆ పిల్లకు మెదడువాపు జ్వరం వచ్చింది. దవాఖానలో ఇరవై రెండు రోజులు. పదకొండో రోజు కళ్ళు తెరిచి "నాయనమ్మా, దూపైతాంది" అన్నప్పుడు దీనమ్మ నీళ్ళ గ్లాసు అందుకోబోయి, మంచం కోడు తగిలి కింద పడింది. పడ్డానని కూడా ఆమెకు తెలియలేదు, సంతోషం అలాంటిది. పిల్ల బతికింది. కాళ్ళూ చేతులూ, చూపూ మాటా అన్నీ ఉన్నాయి. కానీ ఏది అడిగినా జవాబు వెంటనే వచ్చేది కాదు. "అన్నం తిన్నవా బిడ్డా" అని అడిగి, చూసి చూసి, గిన్నెలు కడిగి, చీపురు చేతికి తీసుకునేసరికి వెనకనుంచి "తిన్న" అని వినబడేది.

మిగతా రోజులు ఎలాగో సర్దుకున్నారు. ఆదివారాలతోనే చిక్కొచ్చింది. వాళ్ళ చర్చిలో సండే స్కూలు పిల్లలకు ఒక పోటీ ఉండేది. పిల్లలంతా బైబిలు చంకలో పెట్టుకుని వరసగా నిలబడాలి. సంఘపెద్ద అధ్యాయమూ వచనమూ చెప్పి "కానీయండి" అనగానే పుటలు తిప్పి, ఎవరు ముందు ఆ వాక్యం తీసి చదివితే వాళ్ళు ఒక అడుగు ముందుకు. ఆ సంఘంలో ఎవరి బిడ్డ తెలివిగలదో, ఎవరి బిడ్డ కాదో తేలేది ఆ పోటీలోనే. పెళ్ళి మాటల్లో కూడా "మా పిల్ల వాక్యం తీసుట్ల ఫస్టు" అని చెప్పుకునేవాళ్ళు. జ్వరానికి ముందు మూడేళ్ళపాటు రాహేలుదే మొదటి అడుగు. జ్వరం తరువాత మార్చిలో మళ్ళీ వరసలో నిలబడింది. అందరూ చదివేసి, పెద్ద తరువాతి వాక్యం కూడా చెప్పేశాక, అప్పుడు తీసింది. తీసి చదివింది అందరూ చదివిన ఆ వాక్యమే. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

పోటీ నడిపే ఆ పెద్ద ఎవరో కాదు, సుందర్ రావు. దీనమ్మకు మరిది, హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు, ఆ మాట అనుకుంటే పాపం. పిల్ల దవాఖానలో ఉన్నన్ని రోజులూ హసన్‌పర్తి నుంచి బస్సెక్కి టిఫిన్ డబ్బా మోసుకొచ్చింది ఆయనే. ఆ ప్రేమతోనే, ఎక్కడో సముద్రం వైపు ఊళ్ళో మందమతి పిల్లల ఆశ్రమం ఉందని తెలుసుకుని జాబు రాశాడు. వాళ్ళు సీటు ఉంచారు. పదో తారీఖు దాటితే వేరే పిల్లకు ఇచ్చేస్తామన్నారు.

"బడిల ఉంచితే దినాం నవ్వులపాలైతది వదినె," అన్నాడు సుందర్ రావు. "ఆడైతే దాని అసొంటోల్లే ఉంటరు. ఏదన్న చేతిపని నేర్పుతరు. యాడాదికోసారి మీరు పోయి చూసొద్దురు."

యాడాదికోసారి! దీనమ్మ ఆ మాట విన్న దగ్గరనుంచి అన్నంలో చారు పోసుకున్నదో మజ్జిగ పోసుకున్నదో తెలియకుండా తింటోంది.

మే నెలలో పక్క వాటాలో సందడి మొదలైంది. రెండు వాటాల పెంకుటిల్లు అది, ఎనుమాముల మార్కెట్టుకు పోయే దారిలో ఉంటుంది. ఇటు దీనమ్మ, అటు గౌసియా బేగం. నడుమ ఒకే బావి, ఒకే దండెం. గౌసియా కొడుకు అబ్దుల్ హమీద్ జెద్దాలో లారీ నడుపుతాడు. ముప్పై ఏళ్ళవాడు, సెలవు మీద వస్తూ ఒక టీవీ గేము తెచ్చాడు. నల్ల డబ్బా, దానికి రెండు వైర్లు, వైర్ల చివర తిప్పే బిళ్ళలు. దాన్ని టీవీకి తగిలిస్తే తెరమీద ఈ పక్కొక బద్ద, ఆ పక్కొక బద్ద, నడుమ తెల్లటి చుక్క. చుక్క బంతన్నమాట. బిళ్ళ తిప్పితే బద్ద పైకీ కిందికీ జరుగుతుంది. బంతిని కొట్టాలి, తప్పితే ఎదుటివాడికి ఒక పాయింటు. "టీవీ ట్యూబు కాలిపోతదిరా" అని గౌసియా మొత్తుకుంటూనే ఉంది, వాడకట్టు వాడకట్టంతా ఆమె ఇంట్లోనే ఉంది.

ఒకరోజు హమీదే పిలిచి రాహేలు చేతికి బిళ్ళ ఇచ్చాడు. బంతి వచ్చింది, పోయింది. పోయాక బద్ద కదిలింది. మళ్ళీ వచ్చింది, పోయింది. తలుపు దగ్గర పిల్లలు "ట్యూబ్‌లైటు! ట్యూబ్‌లైటు!" అని ఎగిరారు. మీట నొక్కాక ఆగి ఆగి వెలుగుతుంది కదా, అదీ వాళ్ళ వేళాకోళం. హమీద్ లేచి ఒకడి చెవి మెలిపెట్టాడు కానీ, అప్పటికే గడపలో సుందర్ రావు నిలబడి ఉన్నాడు. ఆశ్రమం నుంచి రెండో జాబు వస్తే చూపించిపోదామని వచ్చాడు.

"పదిహేను బంతులొచ్చినయి వదినె, నేను లెక్కపెట్టిన. ఒక్కటి తగల్లే. నేను ఊకనే చెప్తున్ననా?"

దీనమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ పూట పొయ్యి ముట్టించడం మరిచిపోయింది.

మరునాడు మధ్యాహ్నం ఏడాదికి సరిపడా కారం కొట్టించాలని ఎండు మిరపకాయలు చేటలో పోసుకుని, గౌసియా ఇంట్లో టీవీకి ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంట్లో ఒక్కతే ఉంటే ఏడుపొస్తుందని వచ్చింది. రాహేలును పక్కనే కూర్చోబెట్టుకుంది. హమీదూ, వాళ్ళ పక్కింటి యాకయ్యా ఆడుతున్నారు. దీనమ్మ తొడిమలు తీస్తోంది. ముప్పై ఏళ్ళు మార్కెట్లో మిరపకాయలు ఏరిన చేతులు. చేతులకు ఆమెతో పనిలేదు, వాటి పని అవి చేసుకుపోతాయి. కళ్ళు మాత్రం మనుమరాలి మీద ఉన్నాయి.

పిల్ల పెదవులు కదులుతున్నాయి. దీనమ్మ చెవి దగ్గర పెట్టింది.

"మీద... నడుమ... కింద... మీద..."

ఏం గొణుగుతోందో మొదట అర్థం కాలేదు. తరువాత తెరవైపు చూసింది. బంతి అటు బద్దకు తగిలి, ఇటు తిరిగి, పైకి వచ్చింది. "నడుమ" అంది పిల్ల. బంతి ఇంకా హమీద్ వైపే ఉంది. అక్కడ కొట్టుకుని, కింది అంచుకు తగిలి, ఎగిరి, సరిగ్గా నడుమకు వచ్చింది.

"ఇప్పుడేడికి?" అని గుసగుసగా అడిగింది దీనమ్మ. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. పిల్ల తన లెక్కలో తాను ఉంది. "కింద" అంది. కిందికే వచ్చింది. "మీద" అంది. మీదికే వచ్చింది. దీనమ్మ తొడిమలు తీయడం మానేసి తీసిన తొడిమలతోనే లెక్కపెట్టింది. ఇరవై ఒకసారి చెప్పింది పిల్ల, ఇరవైసార్లు అన్నచోటికే బంతి వచ్చింది. ఆ తప్పిన ఒక్కసారీ యాకయ్యకు తుమ్మొచ్చి బద్ద జారింది.

దీనమ్మకు తాను కొత్తగా మార్కెట్లో చేరిన రోజులు కళ్ళముందుకు వచ్చాయి. రంగు వెలిసిన తాలుకాయ ఎక్కడుందో కన్ను చూసేది, ఇదే తాలుకాయ అని మనసుకూ తెలిసేది, చెయ్యి వెళ్ళేసరికి పక్కన కూర్చున్న పూలమ్మ దాన్ని ఏరి పారేసేది. మేస్త్రీ "కండ్లు లేవా నీకు" అని తిట్టేవాడు. కళ్ళు ఉన్నాయి. చెయ్యే ఇంకా దారిలో ఉంది. ఈ పిల్ల సంగతీ అంతేనా? జ్వరం తలలోంచి ఏదీ ఎత్తుకుపోలేదా, చేతికీ నోటికీ పోయే దారినే పాడుచేసిందా?

అలా అనుకోగానే కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. వచ్చిన నీళ్ళను రెండు చేతులతో తుడుచుకుంది. మిరపకాయల చేతులతో!

ఆ కేకకు గౌసియా వంటింట్లోంచి గరిటతో సహా ఉరికొచ్చింది. "యా అల్లా! ఏమైంది అక్కా? తేలా?"

"తేలు లేదు పాడు లేదు! పిల్ల మంచిగున్నదే గౌసియా! నా పిల్ల తల మంచిగున్నది! జర నీళ్ళు పొయ్యే ముందుగాల, సచ్చిపోతాన!"

బావి దగ్గర కూర్చోబెట్టి గౌసియా నాలుగు చెంబుల నీళ్ళు మొహాన కొట్టింది. మంటకు ఏడుస్తూ, సంతోషానికి నవ్వుతూ దీనమ్మ అంతా చెప్పింది. గౌసియా నమ్మింది. రాత్రి భోజనాల దగ్గర హన్నా విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళతోనే భోజనానికి కూర్చున్న సుందర్ రావు మాత్రం నమ్మలేదు.

"బంతి ఎటు పోతదో చెప్తే ఏమొస్తది వదినె? కొట్టాలె గద. రేపు పరీక్షల మూడు గంటలకు కాయితం గుంజుకుంటరు, దీనికోసం ఆగుతరా? ఆగేటోల్లు ఎవలున్నరు లోకంల?"

అన్నం కలుపుతున్న కృపానందం తలెత్తాడు. అతను కాజీపేట దారిలోని ఇంజినీరింగు కాలేజీలో కంప్యూటర్ గదికి అటెండరు. తలుపు తీయడం, దుమ్ము తుడవడం, ఏసీ చూసుకోవడం అతని పని.

"మా కంప్యూటర్ ఆగుతది చిన్నాయనా," అన్నాడు మెల్లగా. "మనం ఏదన్న కొట్టేదాక తెరమీద చిన్న గీత కన్నార్పుకుంట ఎదురుచూస్తది. పొద్దుందాక ఆగుమన్నా ఆగుతది, కోపం రాదు దానికి. మా దగ్గర సారంగపాణి అని చదువుకునే ఒక పిలగాడున్నడు, సెలవులల్ల ప్రోగ్రాం రాసి దానితోని పులిమేక ఆడిపిస్తాండు. ఇంతవరకు కాలేజీల ఎవ్వలు గెలువలే."

"పులిజూదమా?" సుందర్ రావు ముఖం ముడుచుకుంది. "జూదం మన ఇంటావంటా లేదు."

"పందెం లేనిది జూదమెట్లైతది మర్దీ?" అంది దీనమ్మ. "రఘునాథపల్లిల చిన్నప్పుడు బండమీద బొగ్గుతోని గీసుకొని ఆడేటోల్లం. మేకలం మేమే, పులులం మేమే. శనివారం పిల్లను తీస్కపోయి ఆడిపిద్దాం, నువ్వు గూడ రా. పిల్ల ఓడితే నీ మాటే నా మాట. నా చేతులతోని నేనే సంచి సదురుత."

అనేసి, లేచి వెళ్ళి పిల్ల పక్కనే పక్క పరుచుకుంది.

శనివారం ఐదుగురూ బయలుదేరారు. కృపానందం పెద్దసారును అడిగి గంటన్నరకు అనుమతి తీసుకున్నాడు. హమీద్ కూడా "నా గేము కంటె పెద్దదా అది, చూస్త" అని వెంటపడ్డాడు. గది ముందు చెప్పులు విడవమన్నారు. దీనమ్మ చెప్పులు విడిచి, అలవాటు కొద్దీ నెత్తిన కొంగు కప్పుకుని లోపలికి వెళ్ళింది. లోపల మే నెల లేదు. పుష్యమాసపు చలి. టైపు మిషను లాంటి పలక, దానిమీద చిన్న టీవీ, టీవీలో పచ్చటి గీతలతో గీసిన పులిమేక పటం. పెద్ద చుక్కలు మూడు పులులు. చిన్న చుక్కలు పదిహేను మేకలు. పులి పక్కనున్న మేక మీంచి అవతలి ఖాళీలోకి దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ కలిసి మూడు పులులనూ కదలకుండా చుట్టేస్తే పులులు ఓడినట్టు. పులులు మిషనువి, మేకలు మనవి. ఏ చోటుకు వెళ్ళాలో ఆ చోటు నంబరు కొట్టాలి.

సారంగపాణి సన్నటి కుర్రాడు, కళ్ళద్దాలు. దీనమ్మది రఘునాథపల్లి అని తెలిసి "మాదీ గాదే ఊరమ్మా!" అన్నాడు. "ఎవలింటోనివి బిడ్డా?" అని ఆమె మొదలుపెట్టబోతే కృపానందం గంటన్నరే ఉందని గుర్తుచేశాడు.

ముందు హమీద్ కూర్చున్నాడు. చకచకా నంబర్లు కొట్టాడు, మేకలు చకచకా చచ్చాయి. ఐదు నిమిషాలు పట్టలేదు. "అరె, ఇది రానే రాదు మీదికి! మనం పోయినంకనే తింటది!" అని లేచాడు. తరువాత సుందర్ రావు కూర్చున్నాడు. హెడ్మాస్టరు కదా, ప్రతి మేకనూ పేరు పెట్టి పిలిచినట్టు జాగ్రత్తగా నడిపాడు. ఏడు మేకలు పోయాక కళ్ళద్దాలు తుడుచుకుని, "ఈ గదిల చలి ఎక్కువున్నది" అన్నాడు. రాహేలు ఇద్దరి వెనకా నిలబడి పెదవులు కదుపుతూ చూసింది.

అప్పుడు ఆమె వంతు వచ్చింది.

ఒక నంబరు. కన్నార్పే గీత వంక చూస్తూ చాలాసేపు. ఇంకో నంబరు. మిషను ఎదురుచూసింది. తరిమింది లేదు, నవ్వింది లేదు. హమీద్ బయటికి వెళ్ళి బీడీ కాల్చుకుని వచ్చాడు, ఒక్క మేకే జరిగింది. సుందర్ రావు గడియారం చూశాడు. "నిద్రపోయిందా ఏంది?" అన్నాడు. పావుగంట గడిచాక పిల్ల ఒక మేకను తీసుకెళ్ళి సరాసరి పులి ముందర పెట్టింది. పులి దూకి తినేసింది.

"చూసినవా వదినె," అని నిట్టూర్చాడు సుందర్ రావు. దీనమ్మ కొంగు కొసను వేలికి బిగించి చుట్టుకుంది, వేలు తెల్లబడేదాకా.

మళ్ళీ నంబర్లు. ఒకటి, ఇంకొకటి. గంటా పావు దాటింది. ఒక నంబరు కొట్టాక తెర ఆగిపోయింది. పులి కదల్లేదు. కన్నార్పే గీత కూడా లేదు. రాహేలు చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఖరాబైంది!" అన్నాడు సుందర్ రావు. కృపానందానికి ఆ చలిలో చెమట పట్టింది. లక్షల మిషను, పర్మినెంటు కాని ఉద్యోగం. సారంగపాణి ఒక మీట నొక్కాడు, ఇంకోటి నొక్కాడు. ఏమీ లేదు. "ఎన్నడు గిట్ల ఆగలే" అని గొణిగాడు. దీనమ్మ ముందుకు వంగి తెరను చూసింది. చదువు రాదు కానీ పులిమేక పటం చదవడం వచ్చు ఆమెకు. ఒకో పులినీ వేలితో చూపిస్తూ చూసింది. పైన పులి, మూడు వైపులా మేకలు, దూకుదామంటే వెనక ఖాళీ లేదు. నడుమ పులి, అంతే. కింది పులి...

"ఓ రఘునాథపల్లి పిలగా," అంది, "నీ పులులేడికి పోతయిరా ఇగ?"

సారంగపాణి వంగాడు. అతనూ వేలు పెట్టి లెక్కపెట్టాడు. నెత్తిమీద చెయ్యి పెట్టుకుని గట్టిగా నవ్వాడు.

"ఖరాబు కాలేదు సార్! పులి దారి వెతుక్కుంటాంది, దొరుకుతలేదు. పులి ఓడిపోతే ఏం చెయ్యాల్నో నేను రాయలే. ఓడిపోతదని అనుకోనేలే! పొద్దుందాక గట్లనే వెతుకుతది."

హమీద్ "శాబాష్!" అని అరిచిన అరుపుకు పక్క గదిలోంచి ఎవరో తొంగిచూశారు. కృపానందం బల్ల పట్టుకుని నిలబడి, కొంచెంసేపు ఏడ్చాడు. సుందర్ రావు ఒక్కడే తెరముందు వంగి మూడు పులులనూ మొదటినుంచి మళ్ళీ చూశాడు. తొందరపడలేదు. అంత నిదానంగా ఆయన దేన్నైనా చూడడం దీనమ్మ ఎప్పుడూ ఎరగదు.

"ఏం హమీద్, నీ గేము మంచిదా, ఇది మంచిదా?" అని బయట చెప్పులు తొడుక్కుంటూ అడిగింది దీనమ్మ.

"రెండు మంచియే పెద్దమ్మా. నాది ఎదురొచ్చిందాని మీద చెయ్యి నడుపుడు. ఇది రానిదాన్ని ముందుగాల్నే చూసుడు. నా లారీ మీద రాహేలును కూసోపెడితే లారీ పోతది, దాని మేకలు నాకిస్తే మంద పోతది. అంతే ఫరక్."

బస్సులో సుందర్ రావు కిటికీ పక్కన కూర్చుని హనుమకొండ చౌరస్తా దాకా ఒళ్ళో వేలితో పులిమేక పటం గీసుకుంటూనే ఉన్నాడు. అక్కడ జనం దిగుతుంటే వెనక్కి తిరిగి అన్నాడు, "ఆశ్రమమోల్లకు నేను జాబు రాస్త వదినె. ఆ సీటు నిజంగ అక్కెరున్న పిల్లకు పోనీ. బడిల హెడ్మిస్ట్రెస్ నా దగ్గర చదువుకున్నదే. పరీక్షల ఇంకో గంట ఎక్కువియ్యమని అడుగుత. ఇయ్యకపోతే ఇంటికి పోయి కూసుంట." తరువాత గొంతు తగ్గించాడు. "మార్చిల అది సరైన వాక్యమే తీసిందా?"

"తీసింది," అంది దీనమ్మ.

ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఆ ఒక్క మాటతో ఆమె గుండెమీద ఆర్నెల్లుగా కూర్చున్న బండ దిగిపోయింది. దిగాక తెలిసింది ఎంత ఆకలిగా ఉందో. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. సంచిలోంచి సర్వపిండి ముక్కలు తీసి అందరికీ పంచింది, కండక్టరుకు కూడా ఒకటి పెట్టింది.

"బిడ్డా, ఆ మేకనెందుకు పులి ముందర పెట్టినవే? నా పానం పోయింది," అని మనుమరాలిని అడిగింది.

రాహేలు సర్వపిండి నములుతూ బయటికి చూసింది. బస్సు కదిలింది. ఒక స్టాపు వెళ్ళింది. రెండో స్టాపులో గంపలతో ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కి, చోటు కోసం పోట్లాడుకుని, సర్దుకుని కూర్చున్నారు. ఇదివరకైతే ఆ సందులో దీనమ్మ ప్రాణం గిలగిలలాడేది. ఇవాళ సీటుకు చేరగిలబడి, కాళ్ళు చాపుకుని, కూనిరాగం తీస్తూ కూర్చుంది. జవాబు వస్తుంది, లోపల బయలుదేరే ఉంటుంది.

"దాన్ని తింటానికి పులి గడప దిగుతది గద నాయనమ్మా," అంది రాహేలు. "దిగినంక తలుపేసిన."

దీనమ్మ నవ్విన నవ్వుకు గంపల ఆడవాళ్ళు పోట్లాట మరిచిపోయి వెనక్కి తిరిగి చూశారు.